చలి పోయేదాకా

నర్సంపేట,
ఆగస్టు.

మా ఆయనకు,

మీ సింధు వందనాలు. అత్తమ్మ, నేను ఇక్కడ క్షేమం. మీ పేరు రాయాలా వద్దా అని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కవరు మీద ఎలాగూ రాయాలి. లోపల మాత్రం చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకండి.

నేను ఫోన్‌లో సరిగా మాట్లాడడం లేదని మీరు బాధపడ్డారు. ఆ ఫోను అత్తమ్మది. ఆమెకు చెవి మందం కాబట్టి స్పీకర్ పెడుతుంది. మీరు "ఎట్లున్నవ్" అని అడిగేసరికి పక్కింటి కట్టమ్మ పెద్దమ్మ మన గడపలో కూర్చుని ఉంటుంది. ఆమె వెనక ఇంకెవరో ఉంటారు. అందరూ నా నోటివైపే చూస్తారు. నేను "మంచిగనే ఉన్న" అంటాను. ఆపైన ఫోను అత్తమ్మ చేతికిచ్చేస్తాను. మొన్న ఫోన్ పెట్టేశాక కట్టమ్మ పెద్దమ్మ అంది కదా, "గింత మాటకు ఫోనెందుకు పిల్లా, కార్డు ముక్క రాస్తే సరిపాయె." ఎగతాళికే అంది. నేను మాత్రం తెల్లవారి పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను.

ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒక మాట అడగాలి. మీరేం పని చేస్తారని కట్టమ్మ పెద్దమ్మ అడిగితే "నూనె పని" అన్నాను. "గానుగ పెట్టిండా?" అంది. అత్తమ్మ "కాదే, కరెంటు పని" అంది. నూనెకు, కరెంటుకు ఏమిటి సంబంధమో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మీరు పొద్దంతా దేని ముందు నిలబడతారో తెలిస్తే, నేను పని చేసుకుంటూ ఆ చోటును తలుచుకోవచ్చు. ఇప్పుడు తలుచుకుందామంటే ఇసుక తప్ప ఏమీ కనిపించదు.

సాయంత్రం బస్సు మన మలుపు దగ్గర హారన్ కొడుతుంది. మీరు అందులో లేరని తెలుసు. అయినా చేతిలో పని ఆగుతుంది.

మీ సింధు


సోలార్ సైటు క్యాంపు,
బాడ్మేర్ జిల్లా, రాజస్థాన్.
సెప్టెంబరు.

ప్రియమైన సింధుకు,

నీ కవరును రాంప్రసాద్ ముందు చూశాడు. "నీకు కోర్టు నోటీసొచ్చిందిరా ఏలియా" అంటూ తెచ్చి ఇచ్చాడు. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు వస్తే కోర్టే అనుకుంటారు. ఆయనది మన దిక్కు మరిపెడే. నాకంటే పెద్దవాడు, ఇక్కడ నాకు అన్నలాంటివాడు. కోర్టుది కాదు, ఇంటి ఉత్తరమే అని చెబితే నమ్మలేదు.

నువ్వడిగిన పని గురించి చెబుతాను. ఇక్కడ ఎడారిలో అద్దాలు పత్తి సాళ్లలా వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో అద్దం నిలువునా చీల్చిన డోలులా వంగి ఉంటుంది. పడిన ఎండంతా ఆ వంపులో నుంచి మధ్యనున్న గొట్టం మీదికి చేరుతుంది. ఆ గొట్టంలో నూనె పారుతుంది. అది వండుకునేది కాదు, మండించేది కాదు. దాని పని ఒక్కటే, ఎండ వేడిని మోసుకుపోయి నీళ్లకు అప్పజెప్పడం. నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు. వేడి ఇచ్చేసిన నూనె మళ్లీ అద్దాల దగ్గరికి తిరిగి వస్తుంది. నీళ్లనే నేరుగా ఎండలో పెట్టొచ్చు కదా అంటావు. అంత వేడికి నీళ్లు గొట్టంలోనే ఆవిరై పొంగుతాయి. నూనె అయితే ఓర్చుకుంటుంది.

అయితే ఆ నూనెకు చలి పడదు. మనకు కొబ్బరినూనె సీసా గడ్డకడితే ఎండలో పెట్టి కరిగిస్తాం చూడు, ఇదీ అలాంటిదే. కానీ మైళ్ల పొడవు గొట్టాల్లో గడ్డకడితే కరిగించడం ఎవరి తరం కాదు. ఇక్కడ చలికాలం రాత్రుళ్లు చలి వణికిస్తుంది. అందుకే ఆ నెలల్లో ఎండ లేకపోయినా రాత్రంతా నూనెను ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. అప్పుడు మా పనివాళ్లెవరికీ సెలవుండదు. అంటే క్రిస్మస్‌కు రాలేను, సింధూ. ఫోన్‌లో అమ్మ ముందు ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. చలి పోయాక వస్తాను.

నా గురించి ఫికర్ చేయకండి. నేనుండేది కంట్రోల్ రూంలో. ఏసీ గది. కుర్చీలో కూర్చుని తెరల మీద అంకెలు చూడడమే. అమ్మకు చెప్పు.

నువ్వు తలుచుకునేటప్పుడు ఆ గదిని తలుచుకో.

నీ ఏలియా


నర్సంపేట,
అక్టోబరు.

మా ఆయనకు,

వందనాలు. మీ ఉత్తరాన్ని అత్తమ్మకు చదివి వినిపించాను. క్రిస్మస్ దగ్గర కాసేపు ఆగాను. "ఆగినవేంది?" అంది. చదివాను. లేచి పోయి కోళ్లకు గింజలు వేసింది. మూడుసార్లు వేసింది. కోళ్లకే విసుగొచ్చి వెళ్లిపోయాయి.

ఆదివారం గుడిలో మాత్రం లేచి నిలబడి, "నా కొడుకును ఎండకు ఎండకుంట ఏసీ గదిల కూసోబెట్టిన దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మీ కుర్చీ ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి పాస్టరు గారి కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెట్టి చూసుకున్నాను.

పత్తి ఏరడానికి పోతున్నాం. వేళ్ల కొనలు కాయల ముక్కులకు గీరుకుపోయాయి. పెన్ను పడితే మండుతుంది. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

ఈ ఏడు చలికి బొంత కుట్టుకుందామని అత్తమ్మ అంటోంది. కట్టమ్మ పెద్దమ్మ చెయ్యి బొంతలకు పెట్టింది పేరు. మీ సైటు యూనిఫాంల గుడ్డ మందంగా ఉంటుందని మీరే అన్నారు. చిరిగినవి ఉంటే ఎవరైనా వచ్చేటప్పుడు పంపండి. ఉతకకుండా పంపినా ఫరవాలేదు. ఉతకకుండానే పంపండి.

ఆ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. కొడితే ఇంకా బాగా కనిపిస్తుందని వదిలేశాను.

మీ సింధు


నర్సంపేట,
నవంబరు.

మీకు,

రాంప్రసాద్ అన్న వాళ్ల అమ్మకు ఒంట్లో బాగాలేక నాలుగు రోజుల కోసం వచ్చాడు. బట్టల మూట ఇచ్చి పోయాడు. మీ సైటును చూసుకునే సారంగపాణి సారు ఇంటికి కూడా ఏదో సంచి ఇవ్వాలని హనుమకొండ సుబేదారి పోయాడట. మీరు బాగున్నారని చెప్పాడు.

బొంత కుడుతున్నాం. అత్తమ్మ బాగుంది. నేను బాగున్నాను. పత్తి పని అయిపోవచ్చింది.

ఇంకేమీ విశేషాలు లేవు.

సింధు


సోలార్ సైటు క్యాంపు,
నవంబరు చివర.

ప్రియమైన సింధుకు,

నీ ఉత్తరం కవరు కంటే చిన్నగా ఉంది. వెనక్కి తిప్పి చూశాను. అక్కడా ఏమీ లేదు.

ఏమైంది? అమ్మ ఏమన్నా అందా? నీకు ఒంట్లో బాగాలేదా? రాంప్రసాద్‌ను అడిగితే, "నీ భార్య చాయ్ ఇచ్చింది, మూట తీసుకున్నది, లోపలికి పోయింది. ఇంకేం చెప్పాలె?" అన్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అన్నావు. ఆ మాట నువ్వెప్పుడూ అంటావు. కానీ ఈసారి అన్న తీరు వేరుగా ఉంది. స్పీకర్‌లో కూడా తెలిసింది.

ఇక్కడ చలి మొదలైంది. రాత్రుళ్లు పంపుల చప్పుడు ఆగడం లేదు. నీ దగ్గరి నుంచి రెండు పేజీలు వస్తే వారం రోజులు గడుస్తాయి. మూడు ముక్కలతో ఎలా గడపాలో నువ్వే చెప్పు.

కోపమైతే కోపమనే రాయి. రాయకపోతే నాకేం తెలుస్తుంది?

నీ ఏలియా


నర్సంపేట,
డిసెంబరు.

మా ఆయనకు,

రాస్తాను. చదివి నన్ను చిన్నచూపు చూడకండి.

మూటను కట్టమ్మ పెద్దమ్మ విప్పింది. నాలుగు జతలున్నాయి. బాగా వెలిసిపోయిన రెండింటికీ చెమట వాసన, సబ్బు వాసన. కొత్తగా ఉన్న రెండు జతలు విప్పగానే గదంతా పూల వాసన. మల్లె కాదు, గులాబీ కాదు. పచ్చి ఆకు నలిపి దానికి సెంటు కలిపితే ఎలా ఉంటుందో అలా. కట్టమ్మ పెద్దమ్మ చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏసమ్మా, నీ కొడుకు నూనెల పనిచేస్తాండా, పూలంగట్ల కూసుంటాండా?"

"ఏసీ గదులల్ల సెంటు కొడతరటనే," అంది అత్తమ్మ.

"కొడతరు సరే, ఎవరు కొడతరో అడుగు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని నవ్వాను. తర్వాత ఆ రెండు జతలూ బావి దగ్గరికి తీసుకుపోయి ఉతికాను. వాసన పోలేదు. కుంకుడుకాయ పెట్టి ఉతికాను. పోలేదు. బొంతలో పాత జతలు వేసి కుట్టాం. ఇవి రెండూ మడిచి పెట్టె అడుగున పెట్టాను. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ వాసన వచ్చి నా ముఖానికి తగులుతోంది.

ఆ గదిలో ఆడవాళ్లు కూడా పనిచేస్తారా? చేస్తే తప్పని కాదు. చదువుకున్నవాళ్లు చేస్తారు. నేను అడుగుతున్నదంతే.

మన పెళ్లయి రెండేళ్లు కాలేదు. అందులో మీరు ఇంట్లో ఉన్నది ఎంతకాలమో మీకూ తెలుసు. నా మాట వినడానికి మీరు అలవాటు పడేలోపే వెళ్లిపోయారు. మాట్లాడడం వచ్చిన మనిషి పక్కన ఉంటే మీకు బాగానే ఉంటుందని నాకు తెలుసు.

సింధు


సోలార్ సైటు క్యాంపు,
డిసెంబరు.

నా సింధుకు,

నేను ఒక్కడినే నవ్వుతుంటే రాంప్రసాద్ చూసి, "ఏంరా, కేసు గెలిచినవా?" అన్నాడు. గెలిచానన్నాను.

పిచ్చిదానా, ఆ వాసన మనిషిది కాదు. నూనెది. గొట్టంలో తిరిగే ఆ నూనెకే పూల వాసన ఉంటుంది. రెండు సరుకులు కలిపి దాన్ని తయారుచేస్తారట, అందులో ఒకదానికి పుట్టుకతోనే ఆ వాసన. వరసల దగ్గర గాలి మళ్లి ఆ వాసన వచ్చిందంటే మావాళ్లు "మేడం వచ్చింది" అంటారు. బట్టలకు పట్టిందంటే ఎంత ఉతికినా వదలదు. కుంకుడుకాయలు దండగ చేశావు. నేనూ సబ్బులు దండగ చేశాను.

కంట్రోల్ రూంలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి మా అమ్మకంటే పెద్దది. తుడవడానికి వస్తుంది. నన్ను చూస్తే చెప్పులు బయట విప్పమని తిడుతుంది.

మాట్లాడడం వచ్చిన మనిషి నాకెందుకు? ఇక్కడ అందరూ మాట్లాడేవాళ్లే. పొద్దున లేచింది మొదలు పంపుల చప్పుడు మీద అరుస్తూనే ఉంటారు. నువ్వు పక్కన కూర్చుని ఏమీ అనకుండా చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆ చప్పుడు వినాలని ఉంది. ఎంతగా ఉందో రాయడం నాకు చేతకాదు.

క్రిస్మస్ రోజు ఇక్కడ గుడి లేదు. మేం నలుగురం కలిసి పాటలు పాడుకుంటాం. ఆ పెట్టెలో ఉన్న జతలు బయటికి తీసి బొంతలో వేసి కుట్టించు.

నీ ఏలియా


నర్సంపేట,
డిసెంబరు చివర.

మా ఆయనకు,

మీ ఉత్తరం క్రిస్మస్ ముందు రోజు వచ్చింది. ఏడ్చాను. అత్తమ్మ "ఏమైంది?" అంటే "ఉల్లిగడ్డలు" అన్నాను. నా చేతిలో ఉల్లిగడ్డలు లేవు.

ఆ రెండు జతలు బయటికి తీశాను. ఇప్పుడు ఆ వాసన నాకు మీ వాసనే. బొంతకు ఇంకో పొర వేద్దామని కత్తెర పట్టుకున్నాను. ఒక చొక్కా కత్తిరించాను. రెండో చొక్కా దగ్గర చెయ్యి ఆగింది.

నూనె గొట్టంలో ఉంటుందని మీరే రాశారు. మీరు గదిలో ఉంటారని కూడా మీరే రాశారు. మరి ఇద్దరూ ఎక్కడ కలిశారు?

పాత జతలకు ఆ వాసన లేదు. కొత్తవాటికే ఉంది. అంటే ఈ మధ్యనే మొదలైంది. మీ ఉత్తరం మళ్లీ చదివాను. "వరసల దగ్గర మావాళ్లు" అని ఉంది. తుడిచే ఆమె మిమ్మల్ని చెప్పులు విప్పమంటుందని ఉంది. రోజూ అదే గదిలో కూర్చునే మనిషికి ఆ మాట ఎవరూ రోజూ చెప్పరు.

నాకు చదువు లేదు. తప్పుగా అనుకుని ఉంటే ఈసారి కూడా నవ్వండి. మీరు నవ్వితే నాకు చాలు.

అత్తమ్మ నిన్న కూడా ఏసీ గది కోసం స్తోత్రం చెప్పింది. నేను ఆమెన్ అనలేదు. పెదవులు కదిపాను.

సింధు


సోలార్ సైటు క్యాంపు,
జనవరి.

సింధుకు,

నవ్వలేకపోయాను.

కంట్రోల్ రూంలోకి నేను పోయేది ఏదన్నా బిగించాల్సి వచ్చినప్పుడే. నా పని బయట, వరసల చివర. అద్దాలు సూర్యుడి వెంట తిరుగుతాయి కాబట్టి గొట్టం కూడా తిరగాలి. అందుకు చివర్లలో మోకాలి చిప్పల్లాంటి కీళ్లుంటాయి. అవి చూసుకునేది నేను, రాంప్రసాద్. అమ్మ ఎండకు భయపడుతుందని గది అన్నాను. ఒకసారి అన్నాక మార్చలేకపోయాను.

దీపావళి ముందు ఒక కీలు దగ్గర కారడం మొదలైంది. లోపల నూనె నాలుగు వందల డిగ్రీల దాకా కాగుతుంది. బయటికి చుక్కగా రాదు, పొగలా వస్తుంది. నిప్పు తగిలితే అంటుకుంటుంది. సారంగపాణి సారుకు చెప్పాం. ఇక్కడ అంతా ఆయన చేతిలోనే ఉంది. "చలి దగ్గరపడ్డది, ఇప్పుడు ఆ వరస ఆపితే లోపలే గడ్డకడతది. ఖాళీ చేస్తే నెల రోజులు ఉత్త అద్దాలే. చలి పోనియ్, చూద్దాం" అన్నాడు. అప్పటిదాకా రోజూ బోల్టులు బిగించి, కారకుండా సందులో గ్రాఫైటు నల్లపొడి కూరుతున్నాం. బిగిస్తే తగ్గుతుంది. తెల్లవారితే మళ్లీ వస్తుంది.

వచ్చెయ్యమంటావని తెలుసు. నేను వస్తే ఆ కీలు ముందు రాంప్రసాద్ ఒక్కడే నిలబడాలి. ఆయనకు కళ్లు సరిగా కనిపించవు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. ఆయన్ను అక్కడ ఒంటరిగా వదిలి వచ్చి నీ పక్కన నేనెలా కూర్చోను?

అమ్మకు చెప్పకు. ఇంకెవరికీ చెప్పకు. చలి పోతే అన్నీ సర్దుకుంటాయి.

ఏలియా


నర్సంపేట,
జనవరి.

మా ఆయనకు,

చెప్పొద్దన్నారు. చెప్పాను. ముందు కట్టమ్మ పెద్దమ్మకు చెప్పాను. ఆమె చొక్కా మీద ఎగతాళి చేసినందుకు లెంపలు వేసుకుంది. తర్వాత "చెప్పులేసుకో" అంది.

సారంగపాణి సారు ఇల్లు సుబేదారిలో ఉందని రాంప్రసాద్ అన్న చెప్పింది గుర్తుంది. మిగిలిన చొక్కా సంచిలో పెట్టుకున్నాను. అత్తమ్మకు హనుమకొండలో బట్టల దుకాణానికని చెప్పి ఇద్దరం బస్సెక్కాం. అక్కడ దారి అడుగుతూ అడుగుతూ పోయాం. మేడ ఇల్లు. వాళ్ల ఇంటావిడ శోభారాణి గారు వరండాలో బట్టలు ఆరేస్తున్నారు. దండెం నిండా సారు చొక్కాలు. సారు పండగ సెలవుకు వచ్చి ముందు రోజే తిరిగి పోయారట.

"ఎవరు కావాలమ్మా?" అన్నారామె.

నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కట్టమ్మ పెద్దమ్మ వీపు మీద పొడిచింది. "చెప్పు పిల్లా. బస్సు కిరాయి పెట్టుకొని మూగనోము పట్టనీకి వచ్చినమా?"

"నేను ఏలియా భార్యనమ్మా," అన్నాను. మీ పేరు నా నోటితో పలకడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏ ఏలియా?"

"సారు దగ్గర, రాజస్థాన్‌ల పనిచేస్తడు."

"పైసల సంగతయితే నాకు తెల్వదమ్మా. సారుకే ఫోన్ చేసుకోండి."

"పైసలు గాదమ్మా. జర ఇది వాసన చూడుండ్రి."

చొక్కా చాపాను. ఆమె వెనక్కి జరిగారు. నేను చాపిన చెయ్యి తీయకపోయేసరికి దగ్గరికి వచ్చారు. వాసన చూశారు.

"మంచిగనే ఉంది కదా. ఏం సెంటు?"

"సెంటు గాదమ్మా. అక్కడి గొట్టాలల్ల తిరిగే నూనె. సారు బట్టలల్ల వస్తదా గీ వాసన?"

ఆమె నన్ను చూశారు. దండెం దగ్గరికి పోయి ఒక చొక్కా మెడపట్టీ ముక్కుకు ఆనించుకున్నారు. ఇంకొకటి చూశారు. బుట్టలో ఉతకని బనీను ఉంటే అది కూడా తీసి చూశారు.

"లేదు," అన్నారు.

"మా ఆయన బట్టలల్ల ఉన్నది. ఎంత ఉతికినా పోతలేదు."

ఆపైన సంగతి కట్టమ్మ పెద్దమ్మే అంది, "గొట్టంల ఉండాల్సింది గీ పిల్ల మొగని మీద పడుతాందమ్మా. నిప్పు తగిలితే అంటుకుంటదట. చలి పోయినంక చూస్తమంటున్నరట. చలి పోయేదాక మనిషి ఉండాలె గద."

ఆమె లోపలికి పోయి ఫోన్ చేశారు. అటువైపు మాట వినపడలేదు. ఈమె మాట వినపడింది. "ఏలియా అనే అబ్బాయి పనిచేసే దగ్గర లీకుందా?... అది కాదు, ఉందా లేదా?... సరే, చలి పోయాకనే చెయ్యండి. అప్పటిదాకా అక్కడ మీరు నిలబడతారా?"

బయటికి చాయ్ తెచ్చారు. "నువ్వు పో అమ్మా. అడిగిన. రోజూ అడుగుత," అన్నారు. ఆ చొక్కా నా చేతిలోంచి తీసుకుని సారు చొక్కాల మధ్యన ఆరేశారు. "వీడియో కాల్ చేసినప్పుడు చూపిస్త."

మీకు కోపం వస్తుంది. మీ పరువు తీశానని అనుకుంటారు. అనుకోండి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కట్టమ్మ పెద్దమ్మ నిద్రపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ మీ పేరు ఇంకా రెండుసార్లు అనుకున్నాను, బయటికే.

సింధు


సోలార్ సైటు క్యాంపు,
ఫిబ్రవరి.

సింధుకు,

కోపం వచ్చింది. నిజమే రాస్తాను. నీ ఉత్తరం కంటే ముందే సంగతి ఇక్కడికి చేరింది. పొద్దున హాజరు వేళ సారు అందరి ముందు, "ఏలియా, మా ఇంటి అడ్రసు నీ భార్యకు ఎవరిచ్చిండ్రు?" అన్నాడు. రాంప్రసాద్ నేల చూశాడు. నేనూ నేలే చూశాను. ఆ వారం నీకు ఫోన్ చేయనిది అందుకే. నీ గొంతు వింటే ఏమంటానో అని భయం.

తర్వాత ఒకరోజు ఆ వరస ఆపమన్నారు. ఎండ ఉండగానే నూనె మొత్తం ట్యాంకులోకి దింపేశాం. చల్లారాక కీలు విప్పాం. లోపల బిగువుగా ఉండి నూనెను ఆపాల్సిన సీలు పట్టీ అరిగి దారంలా అయింది. ఒకచోట అసలు లేనే లేదు. ఇన్నాళ్లూ ఆ నూనెను ఆపింది మేం కూరిన నల్లపొడి ఒక్కటే. రాంప్రసాద్ దాన్ని వేళ్లతో తడిమి చూసి ఇసుకలో కూలబడ్డాడు. "దీనికి ఎదురుంగనా మనం నిలబడ్డది?" అన్నాడు. సారు కూడా వచ్చి చూశాడు. ఆ సాయంత్రం మిగతా వరసల కీళ్లన్నీ చూడమన్నాడు.

నా కుడి ముంజేతి మీద కోడిగుడ్డంత మచ్చ ఉంది. నవంబరులో కాలింది. మానిపోయింది. వచ్చినప్పుడు చూసి భయపడతావని ముందే చెబుతున్నాను. ఇక నీ దగ్గర దాచింది ఏమీ లేదు.

మా ఇద్దరినీ కీళ్ల పని నుంచి తీసి అద్దాలు కడిగే బండి మీద వేశారు. సారు దాన్ని శిక్ష అనుకుంటున్నాడు. రాంప్రసాద్ మాత్రం "అద్దం మురికి నాకు కనిపిస్తది, ఆ సన్నపొగే కనిపించదు" అని నవ్వుతున్నాడు. ఆయన నీకు వందనాలు చెప్పమన్నాడు. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాడు.

తెల్లవారుజామున అద్దాలు కడుగుతుంటే ఆ వంపులో నా ముఖం మనిషంత ఎత్తున కనిపిస్తుంది. గడ్డం పెరిగింది. నువ్వు చూస్తే ఏమంటావో అనుకుంటాను. ఏమీ అనవు. అది తెలిసే గీసుకోవడం లేదు.

సెలవు మాత్రం ఇంకా లేదు. రాత్రుళ్లు వెచ్చబడి, పంపులు ఆపినా నూనె గడ్డకట్టని రోజులు రావాలి. అప్పుడే కాగితం మీద సంతకం చేస్తారు. ఈ ఏడు చలి మొండికేసింది.

నువ్వు సుబేదారి పోయింది మంచి పని. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

నీ ఏలియా


నర్సంపేట,
మార్చి.

ఏలియాకు,

అత్తమ్మకు అంతా చెప్పాను. ఆ చేతి మచ్చ కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. మిమ్మల్ని బాగా తిట్టింది, మీరు వచ్చేదాకా దాచుకోకుండా అంతా ఇప్పుడే తిట్టేసింది. ఆదివారం లేచి నిలబడింది కానీ సాక్ష్యం చెప్పలేదు. "నా కొడుకు కోసం ప్రార్థన చేయుండ్రి" అని కూర్చుంది. దేనికని ఎవరూ అడగలేదు.

శివరాత్రికి చలి శివశివ అంటూ పోయిందని కట్టమ్మ పెద్దమ్మ అంటోంది. ఇక్కడ ఎండలు ముదిరాయి. మిరప కల్లాల్లో పనిచేసేవాళ్లు పొద్దెక్కకముందే ఇళ్లకు వచ్చేస్తున్నారు. "మార్చిలనే గిట్లుంటే మే నెలల ఏమైతమో" అని వీధంతా దేవుడికి మొరపెట్టుకుంటోంది. నేను తల ఊపుతాను. లోపల మాత్రం ఇంకా కాయాలని, రాత్రి కూడా కాయాలని అడుగుతున్నాను. మన వీధిలో దేవుడికి ఇలాంటి ప్రార్థన చేసేది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పకండి.

మన ఎండకు మీ దగ్గరి చలి పోదని నాకు తెలుసు. అయినా రోజూ పొద్దు గూకాక గడప ముందు బండ మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. మొన్నమొన్నటిదాకా దీపం వెలిగించే వేళకే చల్లబడిపోయేది. నిన్న అందరూ తిని పడుకున్నాక చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

సింధు